పీఎం కిసాన్ సేవ: హొసకోటె పొలానికీ బెంగళూరు ఇంటికీ మధ్య ఆరేళ్ల అనుభవం

మా నాన్నకు హొసకోటె తాలూకాలో మూడెకరాల నేల ఉంది. అందులో రెండెకరాలు వాన మీద ఆధారపడి రాగి పండే మెట్ట. మిగిలిన ఎకరానికి బోరు నీళ్లున్నాయి కాబట్టి అక్కడ మల్బరీ వేశాడు. నేను బెంగళూరు రామమూర్తినగర్‌లో ఉంటూ ఒక సంస్థలో జమాఖర్చులు చూస్తాను. మా ఇంట్లో మాట తెలుగు, పొలం పహణి (భూమి రికార్డు) కన్నడం, బ్యాంకు నుంచి వచ్చే సమాచారం ఇంగ్లీషు. అందుకని 2019 నుంచి నాన్నకు కేంద్ర ప్రభుత్వం నుంచి రావలసిన పీఎం కిసాన్ సొమ్ముకు సంబంధించిన పనులన్నీ నా చేతి మీదుగానే నడుస్తున్నాయి. కొన్నేళ్లుగా చింతామణి దగ్గరి పల్లెలో ఉండే మా అత్తగారి కాగితాలు కూడా నేనే చూస్తున్నాను. హొసకోటె, దేవనహళ్లి, మాలూరు, చింతామణి పల్లెల్లో తల్లిదండ్రులను ఉంచి బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. హోటల్ గురించో ఫోను గురించో సమీక్ష రాసినట్టే, వాళ్లకు పనికొచ్చేలా ఈ సేవ గురించి కూడా ఎవరైనా రాయాలని చాలాకాలంగా అనుకుంటూ, చివరికి నేనే రాస్తున్నాను.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. అంతా సవ్యంగా ఉన్నప్పుడు రైతు ఖాతాకు డబ్బు చేరవేయడంలో ఈ సేవ నమ్మదగినది. మధ్యవర్తి లేడు, సంతకం కోసం తిరిగే పని లేదు, చేతిలో పడేలోగా ఎవరికీ ఏమీ ఇచ్చుకోనక్కరలేదు. అయితే డబ్బు కనిపించకుండా పోయినప్పుడు దాని కారణాన్ని రైతుకు అర్థమయ్యే మాటల్లో చెప్పే ఏర్పాటు ఇందులో చాలా బలహీనంగా ఉంది. నాన్నకు నేనున్నాను. చదివి చెప్పేవాళ్లు ఇంట్లో లేని రైతు పరిస్థితి ఏమిటన్నదే ఈ ఆరేళ్లలో నన్ను ఎక్కువగా బాధించిన విషయం.

పథకం వివరాలు చాలామందికి తెలిసినవే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 2019 ఫిబ్రవరి 24న గోరఖ్‌పూర్‌లో దీన్ని ప్రారంభించి, 2018 డిసెంబరు నుంచే వర్తింపజేశారు. ఏడాదికి 6,000 రూపాయలను మూడు విడతలుగా, విడతకు 2,000 చొప్పున ఇస్తారు. మొదట రెండు హెక్టార్ల లోపు భూమి ఉన్నవాళ్లకే అన్నారు కానీ, ఆ ఏడాది జూన్ నుంచి ఆ పరిమితి ఎత్తేశారు. కర్ణాటక ప్రభుత్వం 2019లో తన వంతుగా మరో 4,000 కలపడంతో ఇక్కడి రైతుకు కొన్నేళ్లపాటు ఏడాదికి 10,000 అందాయి. 2023లో ప్రభుత్వం మారాక ఆ 4,000 ఆగిపోయాయి. ఆ సంగతి తెలియక, 'రెండో డబ్బు' ఎప్పుడొస్తుందని మా ఊళ్లో ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు.

కర్ణాటకలో ఈ సేవకు అసలు గుమ్మం పీఎం కిసాన్ పోర్టల్ కంటే ముందు 'ఫ్రూట్స్' అనే రాష్ట్ర రైతుల నమోదు వ్యవస్థలో ఉంది. రైతు ఆధార్‌ను, భూమి పహణిని, బ్యాంకు ఖాతాను ఒకచోట కలిపి, ఎఫ్‌ఐడీ అనే సంఖ్య ఇస్తారు. పహణిలను ఈ రాష్ట్రం 'భూమి' పేరుతో ఇరవై ఏళ్లకు పైగా కంప్యూటర్లలోనే నడుపుతోంది కాబట్టి, సర్వే నంబరు కొట్టగానే నాన్న పేరు, విస్తీర్ణం వాటంతట అవే వచ్చాయి. ఈ ఒక్క సంఖ్య పీఎం కిసాన్‌తో ఆగిపోదు. మద్దతు ధరకు రాగులు అమ్మాలన్నా, పంట బీమాకైనా, రైతు సంపర్క కేంద్రంలో రాయితీ విత్తనాలకైనా అదే అడుగుతారు. 2023లో రాష్ట్రంలోని 236 తాలూకాల్లో 223 కరువు తాలూకాలని ప్రకటించాక, పరిహారం కూడా ఫ్రూట్స్‌లో ఉన్న వివరాలను బట్టే ఖాతాల్లో పడింది. ఎఫ్‌ఐడీ చేయించుకోనివాళ్లకు అప్పుడు దాని విలువ తెలిసింది. బెంగళూరులో ఉన్నవాళ్లు ఇంట్లోవాళ్లకు ఈ సంఖ్య ఉందో లేదో, ఉంటే అన్ని సర్వే నంబర్లూ దానికి చేరాయో లేదో ముందుగా చూడాలి. మాకు రెండు సర్వే నంబర్లుంటే, మొదటిసారి ఒకటే ఎక్కింది. రెండోదాన్ని రైతు సంపర్క కేంద్రంలో అడిగి చేర్పించుకున్నాము.

పహణి నాన్న పేరున ఉంది కాబట్టి మా పని సులువుగానే అయింది. మా అత్తగారి విషయంలో అలా జరగలేదు. వాళ్ల పొలం ఆమె మామగారి పేరు మీదే ఉండిపోయింది. ఆయన పోయి పదిహేనేళ్లు దాటింది, మా మామగారు 2022లో పోయారు, అయినా పహణి మీద పెద్దాయన పేరే ఉంది. ఇది మా ఒక్క ఇంటి కథేమీ కాదు. అన్నదమ్ముల మధ్య వాటాలు మాటమీదే పంచుకుని, పహణిలో పేర్లు మార్పించుకోకుండా రెండు తరాలు గడిపేసిన కుటుంబాలు ఈ ప్రాంతంలో ఊరూరా ఉన్నాయి. చనిపోయినవారి పేరు నుంచి వారసుల పేరుకు భూమి మార్చడాన్ని ఇక్కడ పౌతి ఖాతె అంటారు. దానికి మరణ ధ్రువపత్రాలు, వంశవృక్షం, మిగిలిన వారసుల సమ్మతి కావాలి. పదిహేనేళ్ల కిందటి మరణానికి ధ్రువపత్రం తెచ్చుకోవడమే ఒక పెద్ద పని. ఒక కార్యాలయంలో వంశవృక్షంలో ఒక ఆడపడుచు పేరు వేరే అక్షరాలతో ఉందని రెండుసార్లు వెనక్కి పంపారు. మొదటిసారే తప్పంతా స్పష్టంగా చెప్పి ఉంటే మాకు రెండు నెలలు కలిసొచ్చేవి. అన్నీ పూర్తయి పహణిలో అత్తగారి పేరు ఎక్కడానికి పదకొండు నెలలు పట్టింది.

ఇక్కడ ఒక నిబంధన గుర్తుంచుకోవాలి. పీఎం కిసాన్‌కు 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి రికార్డుల్లో పేరున్నవారే అర్హులు. ఆ తరువాత కొన్న భూమికి డబ్బు రాదు. వారసత్వంగా వచ్చిన భూమికి మాత్రం మినహాయింపు ఉంది. నమోదు చేసేటప్పుడు భూమి ఎలా వచ్చిందన్న చోట వారసత్వమని సరిగ్గా గుర్తించకపోతే దరఖాస్తు తిరిగి వస్తుంది. అత్తగారి దరఖాస్తు మీద ఈ ఒక్క గడిని నేను మూడుసార్లు చూసుకున్నాను. 2025 ఫిబ్రవరి 24న విడుదలైన 19వ విడత ఆమెకు అందిన మొదటి విడత. నమోదుకు ముందు గడిచిపోయిన కాలానికి బకాయి ఇవ్వరు. అంటే మామగారు పోయినప్పటి నుంచి ఆ పొలం దున్నించి, విత్తించి, కూలీలకు అన్నం వండి పెట్టిన ఆమె కష్టానికి, పహణిలో పేరు లేనందువల్ల, ఆ సంవత్సరాల్లో ఒక్క రూపాయి లెక్క లేదు. ఇందులో పోర్టల్ తప్పు లేకపోవచ్చు. అయినా సేవ విలువ కట్టేటప్పుడు ఈ లెక్కను పక్కన పెట్టడం నా వల్ల కాదు.

ఇ-కేవైసీ, అంటే ఈ రైతు ఈయనే అని ఆధార్‌తో ధ్రువీకరించడం గురించి మంచి మాట చెప్పాలి. దీనికి మూడు దారులున్నాయి: ఆధార్‌కు జతపడిన ఫోనుకు వచ్చే ఓటీపీ, సేవా కేంద్రంలో వేలిముద్ర, 2023 జూన్‌లో యాప్‌లో వచ్చిన ముఖ గుర్తింపు. మా అత్తగారు నలభై ఏళ్లుగా మల్బరీ ఆకు కోస్తున్నారు. ఆమె వేళ్ల మీద గీతలు దాదాపు మిగల్లేదు. సేవా కేంద్రంలో పది వేళ్లూ ఒక్కొక్కటిగా పెట్టించినా యంత్రం ఒప్పుకోలేదు. ఆమె చీర కొంగుతో చేయి తుడుచుకుంటూ, తన చేతిలోనే ఏదో లోపముందన్నట్టు ఇబ్బందిపడ్డారు. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. ముఖ గుర్తింపు సంగతి తెలిశాక, ఇంటి వసారాలో వెలుతురున్న చోట ఆమెను కూర్చోబెట్టి నా ఫోనులోనే పూర్తిచేశాను. రెండు నిమిషాలు పట్టింది. ఒకరి ఫోను నుంచి మరొక రైతు పని కూడా చేయవచ్చు కాబట్టి, అదే సాయంత్రం ఆ వీధిలో ఇంకో నలుగురివి చేసిపెట్టాను. ఈ సేవలో రైతు శరీరాన్నీ, వయసునూ గుర్తుంచుకుని చేసిన మార్పు ఇదేనని నా అభిప్రాయం. చేసినవాళ్లకు కృతజ్ఞతలు.

ఇక డబ్బు కనిపించకుండా పోయిన సంగతి. 2025 ఆగస్టు 2న 20వ విడత విడుదలైంది. ఊళ్లో అందరి ఫోన్లూ మోగాయి, నాన్న ఫోను మోగలేదు. వారం చూసి నాకు ఫోను చేశాడు. "ఇంక రాదేమోమ్మా, ఎవరో పేరు తీసేసినారు" అన్నాడు. ఆయన గొంతులో 2,000 పోయిన బాధ కంటే రైతుల జాబితాలోంచి తన పేరు కొట్టేశారన్న చిన్నబోవడమే ఎక్కువ వినిపించింది. నేను పోర్టల్‌లో ఆయన స్థితి చూశాను. అక్కడ మూడు విషయాలు చూడాలి: భూమి వివరాలు జతపడ్డాయా, ఇ-కేవైసీ పూర్తయిందా, ఆధార్ బ్యాంకు ఖాతాకు జతపడిందా. మూడింటికీ అవుననే ఉంది. విడత కూడా చెల్లించినట్టే ఉంది. కానీ ఖాతా చివరి అంకెలు మా పాత పాసుపుస్తకంలోని అంకెలు కావు.

జూన్‌లో బోరు మోటారు కాలిపోతే నాన్న హొసకోటెలో ఒక బ్యాంకులో బంగారం మీద అప్పు తీసుకున్నాడు. అప్పు కోసం అక్కడ కొత్త ఖాతా తెరిపించారు. ఫారంలో ఉన్న గడుల్లో ఒకటి, ప్రభుత్వం నుంచి వచ్చే సొమ్మును ఇకపై ఈ ఖాతాకే రప్పించుకోవడానికి సమ్మతి తెలిపేది. అది కూడా నింపించి సంతకం తీసుకున్నారు. ఆ గడి అర్థం ఏమిటో ఆయనకు ఒక్క మాట చెప్పలేదు. ఆధార్ ఆధారంగా జరిగే చెల్లింపుల్లో ఖాతా సంఖ్యకు ప్రాధాన్యం లేదు. ఒక ఆధార్ సంఖ్య ఏ బ్యాంకుకు చివరిగా జతపడితే, జాతీయ చెల్లింపుల సంస్థ దగ్గరి పట్టికలో ఆ బ్యాంకు పేరే ఉంటుంది, డబ్బు అక్కడికే వెళుతుంది. ఇంట్లో ఐదు పాసుపుస్తకాలున్నా ఒక్కదానికే ఆ బంధం ఉంటుంది. నాన్న 2,000 ఎక్కడికీ పోలేదు, ఆయన పేరునే ఉన్న కొత్త ఖాతాలో పడి, అందులోంచి ఏదో రుసుము కింద కొంత కోతపడి ఉంది. ఆ ఖాతాకు ఇచ్చిన ఫోను నంబరులో ఒక అంకె తప్పు కాబట్టి మెసేజు కూడా రాలేదు.

దీన్ని సరిచేయడం కష్టమేమీ కాదు. పాత బ్యాంకుకు వెళ్లి ఆధార్ జతచేయమని మళ్లీ సమ్మతి పత్రం ఇస్తే కొన్ని రోజుల్లో బంధం అటు మారింది. ఏ బ్యాంకుకు ఆధార్ జతపడి ఉందో ఆధార్ వెబ్‌సైటులోనే, రైతు ఫోనుకు వచ్చే ఓటీపీతో, పైసా ఖర్చు లేకుండా చూసుకోవచ్చు. పట్టణానికి వెళ్లలేని పెద్దవాళ్లకు తపాలా శాఖ వారి పేమెంట్స్ బ్యాంకు ఖాతా కూడా మంచి దారే, పోస్టుమ్యాన్ ఇంటికే వచ్చి డబ్బు చేతికిస్తాడు. ఇవన్నీ తెలిస్తే పది నిమిషాల పని. తెలియకపోతే పేరు తీసేశారనుకుని మౌనంగా ఉండిపోవడమే.

పోర్టల్ వాడే మాటల విషయానికొస్తే, అక్కడ సేవ నన్ను నిరాశపరిచింది. చెల్లింపు ఏ దశలో ఉందో చెప్పడానికి ఆర్‌ఎఫ్‌టీ సంతకమైంది, ఎఫ్‌టీఓ తయారైంది, ధ్రువీకరణ పెండింగులో ఉంది అనే వాక్యాలు కనిపిస్తాయి. మొదటిదాని అర్థం నిధుల బదిలీ కోసం రాష్ట్రం కోరిందని, రెండోదాని అర్థం బదిలీకి ఆదేశం తయారైందని. జమాఖర్చులు చూసే నాకే ఇవి అర్థం కావడానికి సమయం పట్టింది. 'మీ డబ్బుకు రాష్ట్రం ఒప్పుకుంది, ఢిల్లీ నుంచి బయలుదేరింది, ఫలానా బ్యాంకుకు చేరుతుంది' అని మూడు వాక్యాలు కన్నడంలోనో తెలుగులోనో రాయడానికి ఏ సాంకేతిక అడ్డంకీ ఉండదని నేను గట్టిగా నమ్ముతున్నాను. అన్నిటికంటే ముఖ్యంగా, డబ్బు వెళ్లే బ్యాంకు మారిన రోజే 'మీ పీఎం కిసాన్ సొమ్ము ఇకపై ఫలానా బ్యాంకుకు వస్తుంది, ఇది మీకు సమ్మతమేనా' అని రైతు నమోదు చేసుకున్న ఫోనుకు ఒక్క కబురు వస్తే నాన్నకు ఆ వారం రోజుల దిగులు ఉండేది కాదు.

సహాయం కోసం 155261 నంబరు ఉంది. 2023 సెప్టెంబరులో కిసాన్ ఇ-మిత్ర అనే మాట్లాడే సహాయకుడిని కూడా తెచ్చారు. ఇప్పుడది 11 భాషల్లో ఉంది, తెలుగులో అడిగితే తెలుగులోనే బదులిస్తుంది. విడత వచ్చిందా, ఇ-కేవైసీ అయిందా వంటి సూటి ప్రశ్నలకు అది బాగానే ఉపయోగపడుతుంది. నాన్న దానితో మాట్లాడటం నేర్చుకున్నాడు, నన్ను అడగకుండా తానే తెలుసుకున్నందుకు ఆ రోజంతా సంతోషంగా ఉన్నాడు.

పోర్టల్‌లో లబ్ధిదారుల జాబితాను గ్రామం వారీగా ఎవరైనా చూడవచ్చు. రాష్ట్రం, జిల్లా, తాలూకా, ఊరు ఎంచుకుంటే పేర్లు వరుసగా వస్తాయి. ప్రజల సొమ్ము ఎవరికి చేరుతోందో ప్రజలకు చూపించడం సరైన పని. మా ఊరి జాబితాను ఒక ఆదివారం పొద్దున నాన్న పక్కన కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఒక్కొక్క పేరు చదువుతుంటే ఆయన ఆ మనిషి ఏ పొలంలో ఏం వేశాడో చెబుతూ వచ్చాడు. చదువుతున్నకొద్దీ రెండు విషయాలు నాకు స్పష్టమయ్యాయి. స్త్రీల పేర్లు చాలా తక్కువ. ఉన్నవాళ్లలోనూ ఎక్కువమంది మా అత్తగారిలా భర్త పోయాక పహణిలోకి వచ్చినవాళ్లే. రెండోది, మా పొలం పక్క నాలుగెకరాలను ఎనిమిదేళ్లుగా గుత్తకు చేస్తున్న ఆయన పేరు అందులో లేదు.

లేకపోవడానికి కారణం చట్టంలోనే ఉంది. కర్ణాటకలో 1974 మార్చి 1 నుంచి, కొద్ది మినహాయింపులు తప్ప, భూమిని కౌలుకివ్వడం రద్దయింది. దున్నేవాడికే భూమి దక్కాలన్న ఉద్దేశంతో తెచ్చిన ఆ సంస్కరణ లక్షల కుటుంబాలకు మేలు చేసింది. ఆ తరువాత గుత్త వ్యవహారం ఆగిపోలేదు కానీ, కాగితం మీదికి రాకుండా నోటి మాటగా సాగుతోంది. కాగితం లేని గుత్తదారుడు ఫ్రూట్స్‌లో లేడు, పీఎం కిసాన్‌లో లేడు, ఆ భూమికి వచ్చే కరువు పరిహారం కూడా పహణిలో పేరున్నవారి ఖాతాకే వెళుతుంది. పైగా 2020లో రాష్ట్రం భూసంస్కరణల చట్టాన్ని సవరించి, వ్యవసాయదారులు కానివాళ్లు కూడా సాగు భూమి కొనేందుకు వీలు కల్పించింది. హొసకోటె, దేవనహళ్లి చుట్టుపక్కల ఎంత నేల చేతులు మారిందో ఆ దారిన వెళ్లే ఎవరికైనా కంచెలు చూస్తేనే తెలుస్తుంది. అలా కొన్న యజమాని 2019 ఫిబ్రవరి 1 గడువు వల్ల పీఎం కిసాన్‌కు అర్హుడు కాడు. ఆ నేలలో ఇప్పటికీ రాగి విత్తే గుత్తదారుడికి పహణి లేదు కాబట్టి అతనూ అర్హుడు కాడు. అమ్మేసిన పాత రైతుకు ఆ భూమి మీద హక్కు లేదు. అంటే పంట పండుతూనే ఉన్న ఆ నేలకు ఈ పథకం సొమ్ము ఎవరి చేతికీ చేరదు. రైతుకు పెట్టుబడి సాయమని పేరు పెట్టుకున్న సేవ నేల మీద చెమటోడ్చే మనిషిని చూడలేకపోవడం నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద లోటు. బెంగళూరులో ఉంటూ ఇలాంటి పొలాల యజమానులైనవాళ్లు దీని గురించి ఆలోచించాలి.

ఈ విషయంలో ఆంధ్రప్రదేశ్‌లో కొంత ముందడుగు కనిపిస్తుంది. మదనపల్లె దగ్గరుండే మా మేనమామకు అదే 2025 ఆగస్టు 2న కేంద్రం 2,000తో పాటు రాష్ట్రం అన్నదాత సుఖీభవ కింద 5,000, కలిపి 7,000 పడ్డాయి. కేంద్రం వాటాతో కలిపి ఏడాదికి 20,000 అన్నది అక్కడి లెక్క. సాగు హక్కు పత్రం ఉన్న కౌలు రైతులను కూడా లెక్కలోకి తీసుకునే ఆలోచన అక్కడ కనీసం కాగితం మీదైనా ఉంది. తెలంగాణలో రైతు భరోసా కింద ఎకరానికి ఏడాదికి 12,000 చొప్పున, భూమి ఎంతుంటే అంత లెక్కన ఇస్తామన్నారు. సరిహద్దుకు అటూ ఇటూ ఒకే నేల, ఒకే పంట, ఒకే భాష మాట్లాడే బంధువుల మధ్య ఇంత తేడా ఉండటం పెళ్లిళ్లలో కలిసినప్పుడల్లా మాటల్లోకి వస్తుంది.

సొమ్ము విలువ సంగతి కూడా చూద్దాం. పథకం మొదలైన ఏడాది, అంటే 2018-19లో రాగుల మద్దతు ధర క్వింటాలుకు 2,897 రూపాయలు. అప్పటి 6,000తో రెండు క్వింటాళ్ల పైచిలుకు రాగులు వచ్చేవి. 2025-26కు ఆ ధర 4,886. అదే 6,000తో ఇప్పుడు ఒకటింబావు క్వింటాలు కూడా రాదు. రాగులకు ధర పెరగడం మాకు మంచిదే, కానీ విత్తు నుంచి కోత దాకా కూలి కూడా పెరిగింది. ఈ సాయం మాత్రం 2019లో ఎక్కడుందో అక్కడే ఉంది. ఒక విడత 2,000తో ఇప్పుడు ఒక డీఏపీ బస్తా 1,350కి, రెండు యూరియా బస్తాలు 533కి కొంటే వంద రూపాయల పైన మిగులుతుంది. రెండెకరాల రాగికి అది చిన్న సాయమేమీ కాదు, నాన్న ఆ మాట ఎప్పుడూ అంటాడు. అయితే ఏడాది మొత్తాన్ని 12,000కు పెంచాలని పార్లమెంటు వ్యవసాయ స్థాయీ సంఘం 2024 డిసెంబరులో సిఫారసు చేసింది. ఆ సిఫారసు న్యాయమైనదని నేను మనస్ఫూర్తిగా అంటాను.

మొత్తం ఎంతన్నదానికంటే ఎప్పుడన్నది మాకు ఇంకా ముఖ్యం. ఏప్రిల్ నుంచి జూలై వరకు ఒక కాలం, ఆగస్టు నుంచి నవంబరు వరకు రెండోది, డిసెంబరు నుంచి మార్చి వరకు మూడోది అని నియమం. మొదటి కాలపు విడత 2022లో మే 31న వచ్చింది, 2023లో జూలై 27న, 2024లో జూన్ 18న, 2025లో ఆగస్టు 2న. హొసకోటె మెట్టలో దుక్కి జూన్‌లో మొదలవుతుంది, రాగి విత్తనం జూలై లోపు పడాలి. మే నెలాఖరులో వచ్చిన 2,000 దుక్కి ట్రాక్టరుకు సరిపోయింది. ఆగస్టులో వచ్చినది అప్పటికే తెచ్చిన అప్పుకు వెళ్లింది. ఏటా జూన్ మొదటి వారంలో ఫలానా తేదీకి వస్తుందని రైతుకు నమ్మకం ఉంటే, ఆ రెండు వేలకు మరో ఐదు వందల విలువ కలిసినట్టే.

బెంగళూరులో నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. కొడుకో కూతురో ఆదాయ పన్ను కడుతుంటే ఊళ్లో తండ్రికి డబ్బు ఆగిపోతుందా అని. ఆగదు. ఈ పథకంలో కుటుంబమంటే భార్య, భర్త, మైనరు పిల్లలు మాత్రమే. ఉద్యోగం చేసే పెద్ద పిల్లల పన్ను దీనికి అడ్డు కాదు. అయితే తండ్రో తల్లో స్వయంగా గత సంవత్సరం పన్ను కట్టి ఉంటే ఆ కుటుంబం అర్హమైనది కాదు. నాలుగో తరగతి ఉద్యోగులుగా పనిచేసినవారు తప్ప, నెలకు 10,000 లేదా అంతకు మించి పింఛను అందుకునే విశ్రాంత ఉద్యోగులకూ అర్హత లేదు. భార్యాభర్తలిద్దరి పేరునా భూమి ఉన్నా ఒకరికే వస్తుంది. తెలియక తీసుకుంటున్నవాళ్లు స్వచ్ఛందంగా వదులుకోవడానికి, తీసుకున్నది తిరిగి చెల్లించడానికి పోర్టల్‌లోనే వీలుంది. మా వీధిలో ఉండే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఊళ్లో పొలం మీద వచ్చిన సొమ్మంతా లెక్కకట్టి తిరిగి కట్టేశారు. ఆయన కోసం ఆ చెల్లింపు నేనే చేశాను, రసీదు వెంటనే వచ్చింది. సేవలో ఈ భాగం సాఫీగా పనిచేస్తుందని చెప్పగలను.

అత్తగారి ఖాతా, నాన్న ఖాతా రెండూ ఇప్పుడు సరిగ్గా ఉన్నాయి. ప్రతి విడతకు నెల ముందు ఇద్దరివీ పోర్టల్‌లో భూమి, ఇ-కేవైసీ, ఆధార్ వివరాలు మూడూ, జతపడిన బ్యాంకు పేరూ చూసి ఒక పుస్తకంలో రాసుకుంటున్నాను. 2025 నవంబరు 19న కోయంబత్తూరు నుంచి 21వ విడత విడుదలైన రోజు నేను ఆఫీసులో ఉండగా నాన్న ఫోను చేశాడు. పాత బ్యాంకు నుంచి మెసేజు వచ్చిందట, ఇంగ్లీషులో ఉంది, అదేనో కాదో చూసి చెప్పమన్నాడు. అంకెలు ఒక్కొక్కటిగా చదివించుకుని, అదేనని చెప్పాను. పొలంలో రాగి కోతకు వచ్చి ఉంది, కూలీలకు ఆ శనివారం ఇవ్వాల్సిన డబ్బుకు సరిపోతుందని చెప్పి ఫోను పెట్టేశాడు.